టీకా తేదీలు చెప్పే చిన్న ప్రోగ్రాము: అది ఎక్కడ ఉంటుంది, ఎలా పనిచేస్తుంది?

పిల్లలకు టీకాలు వేయించడానికి వచ్చే తల్లులు ఈ మధ్య మమ్మల్ని తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. "సిస్టర్ గారు పాప పుట్టిన తేదీ కంప్యూటరులో కొట్టగానే తర్వాతి టీకా తేదీలన్నీ ఎలా వచ్చేస్తున్నాయి?" అన్నది మొదటిది. "మా పాప వివరాలు ఇంటర్నెట్‌లోకి పోతాయా?" అన్నది రెండవది. సంఘంలో కంప్యూటరు చదువుకుంటున్న పిల్లలు ఇంకొకటి కూడా అడుగుతున్నారు: "ఇటువంటిది మేమూ చేయగలమా?" ఈ మూడు ప్రశ్నలకూ ఇక్కడ వీలైనంత తేలిక మాటలలో జవాబు చెప్తాము. కంప్యూటరు గురించి ఏమీ తెలియనివారు కూడా చివరి భాగం తప్పక చదవండి. అది మీ బిడ్డ కార్డుకు సంబంధించినది.

ముందుగా లెక్క ఏమిటో చూద్దాం

మన దేశపు జాతీయ టీకాల పట్టిక ప్రకారం బిడ్డ పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి ఇస్తారు. తర్వాత 6వ వారం, 10వ వారం, 14వ వారంలో పెంటావలెంట్ టీకా వేస్తారు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే క్రిమి వలన వచ్చే జబ్బులు, ఈ ఐదింటి నుండి అది కాపాడుతుంది. దానితో పాటు మరికొన్ని టీకాలు, చుక్కలు ఉంటాయి. 9 నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు ఇస్తారు.

మనం వాడుకలో "నెలన్నర టీకా, రెండున్నర నెలల టీకా, మూడున్నర నెలల టీకా" అంటాము. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, కార్డు మీద తేదీ వేయాలంటే రోజులు లెక్కపెట్టాలి. 6 వారాలంటే 42 రోజులు, 10 వారాలంటే 70 రోజులు, 14 వారాలంటే 98 రోజులు.

ఉదాహరణకు 2025 జనవరి 1న పుట్టిన బిడ్డను తీసుకోండి. 42 రోజులు కలిపితే ఫిబ్రవరి 12, 70 కలిపితే మార్చి 12, 98 కలిపితే ఏప్రిల్ 9. అదే బిడ్డ 2024 జనవరి 1న పుట్టి ఉంటే, అది లీపు సంవత్సరం కనుక చివరి రెండు తేదీలు మార్చి 11, ఏప్రిల్ 8 అవుతాయి. రోజుకు నలభై, యాభై మంది పిల్లలు వచ్చే చోట ఈ లెక్క చేత్తో వేయడం విసుగు పని. విసుగు పనిలోనే పొరపాట్లు దొర్లుతాయి. అందుకే ఈ పనిని కంప్యూటరుకు అప్పగించడం.

ఇందులో తల్లిదండ్రులకు పనికివచ్చే చిన్న కిటుకు కూడా ఉంది. ఇవన్నీ పూర్తి వారాలు కనుక, బిడ్డ బుధవారం పుడితే 6, 10, 14 వారాల తేదీలు కూడా బుధవారమే పడతాయి. కార్డు మీద వేసిన తేదీ బిడ్డ పుట్టిన వారం నాడు పడకపోతే, ఎందుకని సిస్టర్ గారిని అడగండి. టీకాలు వేసే రోజును బట్టి ఒకటి రెండు రోజులు జరిపి ఉండవచ్చు. లేదా ముందు మోతాదు ఆలస్యమై ఉండవచ్చు. ఏదైనా, అడగడంలో తప్పు లేదు.

సర్వరు అంటే ఏమిటి?

సర్వరు అనగానే చల్లటి గదిలో పెద్ద పెద్ద యంత్రాలు ఉంటాయని అనుకుంటారు. అలాగే ఉండనక్కరలేదు. మామూలు బల్ల మీది కంప్యూటరు కూడా సర్వరుగా పనిచేయగలదు. సర్వరు అన్నది ఒక పాత్ర పేరు. అడిగినవారికి అందించేది సర్వరు, అంతే.

మందుల కౌంటరును గుర్తు తెచ్చుకోండి. మీరు కిటికీలో చీటి ఇస్తారు. లోపలివారు చీటి చదివి, అరలోంచి మందు తీసి, అదే కిటికీలోంచి మీకిస్తారు. టీకా గదిలో సిస్టర్ గారి ముందున్న కంప్యూటరులో బ్రౌజరు అనే పేజీలు చూపే ప్రోగ్రాము ఉంటుంది. చీటి ఇచ్చేది అది. రికార్డుల గదిలో మరో కంప్యూటరు ఆ చీటి అందుకుని, లెక్క వేసి, జవాబును పేజీగా తిరిగి పంపుతుంది. అది సర్వరు. రెండింటి మధ్య ఒక తీగ గాని, వై-ఫై గాని ఉంటుంది.

ఈ రెండూ ఒకే భవనంలో ఉన్నాయి కనుక దీనిని లోకల్ సర్వరు అంటారు. చీటి వీధిలోకి వెళ్ళదు. భవనం లోపలే తిరిగి జవాబు తెస్తుంది. అందుకే ఇంటర్నెట్ లేని రోజున కూడా టీకా తేదీలు వస్తాయి. మీ రెండవ ప్రశ్నకు జవాబు కూడా ఇదే. ఈ ప్రోగ్రాములో రాసిన వివరాలు ఆ కంప్యూటరులోని ఒక ఫైలులో ఉంటాయి, ఇంటర్నెట్‌లోకి వెళ్ళవు. ప్రభుత్వం వారి యు-విన్ నమోదు వేరు, ఇది వేరు. ఒకటి ఉన్నదని రెండవది మానకూడదు.

కిటికీకి నంబరు

ఒకే కంప్యూటరు అనేక సేవలు అందించగలదు. ఏ చీటి ఏ సేవకు పోవాలో తెలియాలి కదా! అందుకని ప్రతి సేవకు ఒక కిటికీ నంబరు ఉంటుంది. దానిని పోర్టు అంటారు. కంప్యూటరుకు ఉన్న చిరునామా భవనం పేరు వంటిది, పోర్టు కౌంటరు నంబరు వంటిది. ఒక కిటికీలో ఇప్పటికే ఒకరు కూర్చుని ఉంటే రెండవ ప్రోగ్రాము అక్కడ కూర్చోలేదు. "ఈ పోర్టు వాడుకలో ఉంది" అన్న సందేశం వస్తే భయపడనక్కరలేదు, వేరే నంబరు ఇస్తే సరిపోతుంది.

చిరునామాలలో మూడింటిని తెలుసుకుంటే చాలు. 127.0.0.1 అంటే "ఈ కంప్యూటరే" అని అర్థం. ఆ చిరునామా మీద నడిచే ప్రోగ్రామును అదే కంప్యూటరు ముందు కూర్చున్నవారు తప్ప మరెవరూ చూడలేరు. 192.168తో మొదలయ్యేవి ఇళ్ళకు, ఆఫీసులకు లోపలి వాడుక కోసం కేటాయించిన చిరునామాలు. 1996 నాటి ఇంటర్నెట్ నియమం ప్రకారం బయటి ఇంటర్నెట్ వీటికి దారి చూపదు. ఇక 0.0.0.0 అని ఇస్తే "ఏ ద్వారం నుండి వచ్చినా జవాబు చెప్పు" అని అర్థం. ఇది జాగ్రత్తగా వాడవలసిన మాట.

పైథాన్ ఎందుకు?

కంప్యూటరుకు పని చెప్పడానికి ఒక భాష కావాలి. పైథాన్ అటువంటి భాష. నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల రోజులలో దీనిని మొదలుపెట్టారు. 1991లో అది బయటివారికి అందింది. పేరు కొండచిలువను బట్టి పెట్టినది కాదు. మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య కార్యక్రమాన్ని బట్టి పెట్టారు. ఇది ఉచితం. చదవడానికి తేలిక. రోజులు, తేదీల లెక్క, లీపు సంవత్సరంతో సహా, అందులో ముందే ఉంది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు కూడా 2006లో వచ్చిన 2.5 వెర్షన్ నుండి దానితోనే వస్తోంది. అంటే రిజిస్టరు పుస్తకం కూడా పెట్టెలోనే ఉందన్నమాట.

వెబ్ పేజీలు అందించడానికి పైథాన్ మీద ఫ్లాస్క్ అనే ఉచిత సరంజామా ఉంది. ఇది 2010లో వచ్చింది. "ఈ చీటి వస్తే ఈ పని చేయి" అని నాలుగు ముక్కల్లో రాసుకోవడానికి ఇది వీలుగా ఉంటుంది.

ఇంట్లో చేసి చూడాలంటే

ఇది కంప్యూటరు నేర్చుకుంటున్న పిల్లల కోసం. కింద చెప్పిన ఆదేశాలను కంప్యూటరులో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

1. పైథాన్ వారి సొంత వెబ్‌సైటు నుండి పైథాన్ 3 దించుకోండి. పాత పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. పాత పుస్తకాలలో దాని ఉదాహరణలు కనిపిస్తే వాడకండి.

2. ఒక కొత్త ఫోల్డరు తెరిచి, అందులో "వెన్వ్" అనే ప్రత్యేక గది ఏర్పాటు చేసుకోండి. ఒక ప్రోగ్రాముకు కావలసిన సామాను మరొక ప్రోగ్రాము సామానుతో కలవకుండా ఇది వేరుగా ఉంచుతుంది. ఆ గదిని "యాక్టివేట్" చేసిన తర్వాతే మిగతా పని చేయండి.

3. "పిప్ ఇన్‌స్టాల్ ఫ్లాస్క్" అని ఆదేశం ఇవ్వండి. ఇంటర్నెట్ కావలసింది ఇక్కడి వరకే.

4. "యాప్" అనే పేరుతో ఒక పైథాన్ ఫైలు రాయండి. అందులో రెండు పనులు చాలు. ఖాళీ చీటి అడిగితే పుట్టిన తేదీ రాసే పెట్టెను చూపాలి. తేదీ నింపిన చీటి వస్తే దానికి 42, 70, 98 రోజులు కలిపి మూడు తేదీలను చూపాలి. మొదటి ప్రయత్నానికి ఇరవై, ముప్పై పంక్తులు సరిపోతాయి.

5. "ఫ్లాస్క్ రన్" అని ఆదేశం ఇవ్వండి. తెర మీద 127.0.0.1, దాని పక్కన 5000 అనే పోర్టు నంబరు కనిపిస్తాయి. బ్రౌజరులో ఆ చిరునామా కొడితే మీ పేజీ వస్తుంది. ఆపాలంటే కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కాలి.

పేజీ రాకపోతే ఏమి జరిగిందో సర్వరు నంబరుతో చెప్తుంది. 200 అంటే సరిగా అందింది. 404 అంటే అడిగిన పేజీ లేదు, చిరునామా సరిచూసుకోవాలి. 500 అంటే మీ ప్రోగ్రాములోనే తప్పు ఉంది. అప్పుడు నల్లని తెర మీద వచ్చిన సందేశంలో చివరి పంక్తి ముందు చదవండి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

ఒక్క మాట. సాధన చేసేటప్పుడు ఊహించుకున్న పేర్లు, తేదీలే వాడండి. నిజమైన రోగి పేరు గాని, వేరొకరి బిడ్డ వివరాలు గాని పెట్టకండి.

ఇంట్లో నడిచింది కదా అని ఆసుపత్రిలో పెట్టవచ్చా?

వెంటనే పెట్టకూడదు. ఇంట్లో నడవడానికీ, బిడ్డల ఆరోగ్యం ఆధారపడిన చోట నడవడానికీ తేడా ఉంది. ఆ తేడా ఎక్కడ ఉందో చెప్తాము.

మొదటిది, ఆలస్యంగా వచ్చిన బిడ్డ. పై ఉదాహరణలో ఫిబ్రవరి 12న రావలసిన బిడ్డకు జ్వరమో, ఊరి ప్రయాణమో అడ్డొచ్చి మార్చి 3న వచ్చిందనుకోండి. పుట్టిన తేదీ మాత్రమే చూసే ప్రోగ్రాము రెండవ మోతాదును మార్చి 12కే రమ్మంటుంది. మధ్యలో 9 రోజులే! పెంటావలెంట్ మోతాదుల మధ్య కనీసం 4 వారాలు ఉండాలి. కనుక రెండవది మార్చి 31 కంటే ముందు వేయకూడదు. అది మార్చి 31న వేస్తే మూడవది ఏప్రిల్ 28 కంటే ముందు వేయకూడదు. ప్రోగ్రాము నిజంగా టీకా వేసిన తేదీని తీసుకుని, అక్కడి నుండి లెక్క కట్టాలి. ఆలస్యమైనంత మాత్రాన మొదటి నుండి మళ్ళీ మొదలుపెట్టనక్కరలేదు, ఆగిన చోటి నుండి కొనసాగిస్తే చాలు.

రెండవది, తేదీ రాసే పద్ధతి. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3. అమెరికా పద్ధతిలో అది మార్చి 4. ఒక నెల తేడా వచ్చేస్తుంది. అందుకే తేదీని అంకెలతో కొట్టనీయకుండా క్యాలెండరులో ఎంచుకోనివ్వాలి. జవాబు చూపేటప్పుడు నెల పేరు అక్షరాలలో చూపాలి.

మూడవది, నెలల లెక్క. మే 31న పుట్టిన బిడ్డకు 9 నెలలు ఎప్పుడు నిండుతాయి? ఫిబ్రవరి 31 అనే తేదీ లేదు. ఆ తేదీ అడిగితే పైథాన్ తప్పు అని చెప్పి ఆగిపోతుంది. అటువంటప్పుడు మార్చి 1 తీసుకోవాలని మనిషే ముందుగా ఆలోచించి రాయాలి.

నాలుగవది, సర్వరును నడిపే పద్ధతి. "ఫ్లాస్క్ రన్" అన్నది సాధన కోసం మాత్రమే. అసలు వాడుకకు పనికిరాదని అదే తెర మీద హెచ్చరిక చూపిస్తుంది. రోజూ వాడే చోట వెయిట్రెస్, గ్యూనికార్న్ వంటి పక్కా సర్వరు ప్రోగ్రాములతో నడపాలి. వెయిట్రెస్ విండోస్‌లోనూ నడుస్తుంది, గ్యూనికార్న్‌కు లినక్స్ వంటిది కావాలి. అలాగే తప్పులు వెదకడానికి వాడే "డీబగ్" పద్ధతిని ఆపివేయాలి. అది తెరిచి ఉంటే లోపలి రాతలు బయటపడతాయి. తెలిసినవారు ఆ దారిన కంప్యూటరు చేత ఏ పనైనా చేయించే ప్రమాదం ఉంది.

అన్నిటికీ మించి, ప్రోగ్రాము చెప్పిన తేదీని సిస్టర్ గారు ఒకసారి చూసి ఒప్పుకున్నాకే కార్డు మీదకు ఎక్కాలి. బిడ్డకు ఈ రోజు టీకా వేయవచ్చా, లేదా అన్నది బిడ్డను చూసి చెప్పవలసిన మాట. అది కంప్యూటరు చెప్పేది కాదు.

భవనంలో ఉన్నంత మాత్రాన భద్రమా?

"ఇంటర్నెట్‌లో లేదు కదా, ఇక భయమేముంది?" అనుకోవడం సరికాదు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతా పాకి, ఇంగ్లండులోని అనేక ప్రభుత్వ ఆసుపత్రుల కంప్యూటర్లను స్తంభింపజేసింది. వేల సంఖ్యలో అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేటు అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదలైంది. అది వేసుకోని కంప్యూటర్లే దెబ్బతిన్నాయి. మన దేశంలో 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద ఇటువంటి దాడి జరిగి, రిజిస్ట్రేషన్ వంటి పనులు చాలా రోజులపాటు చేత్తోనే చేయవలసి వచ్చింది. ఒక్క కంప్యూటరుకు సోకితే చాలు, లోపలి నెట్‌వర్కు మీదుగా పక్కవాటికి పాకవచ్చు.

కనుక పాటించవలసినవి ఇవి. సర్వరు కంప్యూటరులో సినిమాలు, పాటలు, బయటి పెన్‌డ్రైవ్‌లు పెట్టకూడదు. అప్‌డేట్లు వాయిదా వేయకూడదు. ప్రతి సిబ్బందికీ వేరు వేరు పాస్‌వర్డు ఉండాలి. గోడ మీద అంటించిన పాస్‌వర్డు పాస్‌వర్డే కాదు. రోగుల బంధువులు వాడే వై-ఫై వేరు, రికార్డుల నెట్‌వర్కు వేరు కావాలి. రెండూ ఒకటే అయితే, తాళం లేని మామూలు హెచ్‌టిటిపి పద్ధతిలో వెళ్ళే చీటీలను అదే నెట్‌వర్కులోని ఇతరులు చదివే వీలుంటుంది. వీలైన చోట హెచ్‌టిటిపిఎస్ వాడాలి.

వివరాలు కాపాడడం మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. అవసరమైన వివరాలు మాత్రమే అడగాలి. టీకా తేదీ లెక్కకు బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, ఒక ఫోను నంబరు చాలు. లెక్కకు అక్కరలేనిది అడిగితే "ఇది ఎందుకు?" అని మీరు అడగవచ్చు.

కరెంటు పోతే?

సర్వరుకు యు.పి.ఎస్. ఉంటే కొంతసేపు ఆగుతుంది. ఆ సమయంలో ప్రోగ్రామును పద్ధతిగా ఆపాలి. ఎస్‌క్యూలైట్ రిజిస్టరు అంతా ఒకే ఫైలులో ఉంటుంది కనుక నకలు తీయడం తేలిక. కానీ రాత జరుగుతుండగా ఫైలును మామూలుగా కాపీ చేస్తే నకలు చెడిపోవచ్చు. ప్రోగ్రాము ఆపి తీయాలి, లేదా ఎస్‌క్యూలైట్‌లోనే ఉన్న బ్యాకప్ పద్ధతి వాడాలి. నకలును అదే కంప్యూటరులో ఉంచితే లాభం లేదు. వేరే డిస్కులో, వేరే గదిలో, తాళం కింద ఉంచాలి. అప్పుడప్పుడు ఆ నకలును తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే.

ఇన్ని చేసినా, కంప్యూటరు పనిచేయని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజున టీకా గది మూతపడకూడదు. రిజిస్టరు పుస్తకం, కలం, గోడ క్యాలెండరు సిద్ధంగా ఉండాలి.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినవి

* మాతా శిశు సంరక్షణ కార్డు ప్రతిసారీ తెండి. వేరే ఊరి ఆసుపత్రికి వెళితే మా లోకల్ సర్వరు మీ వెంట రాదు, కార్డు వస్తుంది. ఆ కార్డును ఫోనులో ఫోటో తీసి ఉంచుకోవడం కూడా మంచిది.

* బిడ్డ పుట్టిన తేదీని జనన ధృవీకరణ పత్రం చూసి చెప్పండి. "దసరా వెళ్ళిన నాలుగో రోజు" అని చెప్తే లెక్క తప్పుతుంది.

* తెర మీద వచ్చిన పేరు, తేదీ సరిగా ఉన్నాయో లేదో సిస్టర్ గారిని చదివి వినిపించమనండి. కార్డు మీద రాసిన తేదీ కూడా అదేనా అని చూసుకోండి.

* వేరే చోట టీకా వేయించి ఉంటే ఆ తేదీ తప్పక చెప్పండి. మీరు చెప్పనిది కంప్యూటరుకు తెలియదు.

* తేదీ దాటిపోయిందని సిగ్గుపడి ఇంట్లో ఉండిపోకండి. ఎంత త్వరగా వస్తే అంత మంచిది. మిగిలిన మోతాదులకు కొత్త తేదీలు లెక్క కట్టి ఇస్తారు.

* ఫోను నంబరు మారితే వచ్చినప్పుడు చెప్పి మార్పించుకోండి.

ఇక కంప్యూటరు నేర్చుకుంటున్న పిల్లలకు: ఇంట్లో ఈ ప్రోగ్రామును రాసి చూడండి. ముందుగా 2025 జనవరి 1, 2024 జనవరి 1 తేదీలు ఇచ్చి, పైన మేము ఇచ్చిన జవాబులు వస్తున్నాయో లేదో చూడండి. తర్వాత మార్చి 3న ఆలస్యంగా వచ్చిన బిడ్డ లెక్క ఇవ్వండి. అది మార్చి 12 అని చెప్తే ప్రోగ్రాము నడుస్తున్నట్టే, కానీ ఇంకా సరిగా లేదు. మార్చి 31 అని చెప్పే వరకు సరిచేయండి.